మా గుర్రానికి దయ్యం కనిపించింది

ప్రోతరాపూర్‌లో మా పక్కింటి గుమ్మానికి ఈ మధ్య ఒక గుర్రపు నాడా ఎక్కింది. పక్కింటాయన తండ్రి సోంపేట వైపు నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ అండమాన్ వచ్చారట. ఇలాంటి తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. నేను రిటైరయ్యాక, ఇక్కడ ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు వచ్చి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఈ దీవుల్లో ఒక్క గుర్రం కూడా నా కంటపడలేదు. నాడాలు మాత్రం ఇది మూడోది! గుర్రం రాలేని చోటికి కూడా గుర్రం పేరు చెప్పుకునే వ్యాపారం సముద్రం దాటి వచ్చేస్తుంది.

"నల్లగుర్రం నాడా మాస్టారూ, శనిదోషానికి. మీరు గుర్రాన్ని పెంచారట కదా, అసలుదో నకిలీదో చూసి చెప్పండి" అన్నాడాయన.

తీసి చూశాను. మేకుల కన్నాల్లో మేకు దిగిన గుర్తు లేదు. గుర్రం నడిస్తే ముందు అంచు అరగాలి, అది కొత్త రూపాయి బిళ్ళలా ఉంది. "ఇది ఏ గుర్రం కాలికీ ఎక్కింది కాదండీ, కొలిమిలోంచి నేరుగా మీ గుమ్మానికే వచ్చింది" అన్నాను.

ఆయనకు కొంచెం కష్టం వేసింది. "మీరెలాగూ నమ్మరు లెండి. కానీ జంతువులకి మనకి తెలీనివి తెలుస్తాయి మాస్టారూ. సునామీ రోజున జంతువులన్నీ ముందే మెరకకి వెళ్ళిపోయాయంట" అన్నాడు. 2004 డిసెంబర్ 26 పొద్దున భూకంపం ఇక్కడ మనుషులకు కూడా బాగానే తెలిసింది. అల ఆ తర్వాత వచ్చింది. కాళ్ళ కింద నేల అంతలా ఊగాక జంతువు బెదరడానికి దివ్యదృష్టి ఎందుకండీ అని అడిగాను.

"మరి మీ గుర్రానికి దయ్యం కనబడిందని మీ అబ్బాయే చెప్పాడే?"

దొరికిపోయాను. మావాడు చెప్పింది అబద్ధం కాదు. కొన్ని నెలలపాటు ఒక కొండ ఊళ్ళో దయ్యం ఉందనడానికి అందరూ చూపించిన సాక్ష్యం నా గుర్రమే. హేతువాద సంఘంలో చందా కట్టి, ఊరూరా దయ్యాల్లేవని ఉపన్యాసాలిచ్చినవాడి గుర్రం! ఈ కథ చెప్పమని సంఘం మిత్రులు కొందరు ఎప్పటినుంచో అడుగుతున్నారు. చెప్పకపోవడానికి కారణం సిగ్గు తప్ప మరేమీ కాదు.

2011లో నాకు పాడేరు ఏజెన్సీకి బదిలీ అయింది. అప్పుడది విశాఖ జిల్లా, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. బడి ఉన్న ఊరికి రోడ్డు లేదు. ఆటో ఆగే చోటునుంచి 8 కిలోమీటర్లు కొండదారి. రోడ్డు పక్క ఊళ్ళో గది తీసుకుని రోజూ ఎక్కి దిగేవాణ్ణి. ఏజెన్సీలో రోడ్డు లేని ఊళ్ళకు బియ్యం, ఉప్పు గుర్రం మీద ఎక్కుతాయి, మిరియాలు, పసుపు గుర్రం మీద సంతకు దిగుతాయి. పొట్టి గుర్రాలు, గట్టి కాళ్ళు. వాటికి నాడాలు కూడా ఉండవు, మా దారిలో నేను చూసినవన్నీ వట్టి డెక్కలతోనే తిరిగేవి. మోకాళ్ళు అరుగుతున్న 51 ఏళ్ళ లెక్కల మాస్టారికి తానూ ఒక గుర్రం కొనుక్కుందామని బుద్ధి పుట్టడంలో వింతేమీ లేదు.

వింత ఏమిటంటే, రెండున్నరేళ్ళ గుర్రాన్ని కొనడం. వయసు పళ్ళు చూసి చెప్పారు, ముందువరస నడిమి పాలపళ్ళు అప్పుడే ఊడుతున్నాయి. దానిమీద ఎవరూ ఎక్కలేదు, ఒక బస్తా కూడా వేయలేదు. మొదటిసారి గుర్రం కొనేవాడు పని తెలిసిన పెద్ద గుర్రాన్ని కొనుక్కోవాలి. నాకూ ఏమీ రాదు, దానికీ ఏమీ రాదు. చవగ్గా వస్తోందని కొనేశాను.

ఎందుకు చవక అంటే, దానికి సుడి సరిగా లేదట. నుదుటి మీద కళ్ళకు పైన ఒకదాని పక్కన ఒకటి రెండు సుడులు. అలాంటి గుర్రం యజమానికి అరిష్టమని ముగ్గురు కొనకుండా వదిలేశారు. మన భాషలో అదృష్టానికే సుడి అని పేరు పెట్టుకున్నాం కదా, "వాడికి సుడి ఉందిరా" అని! సంస్కృతంలో శాలిహోత్రుడి పేరు మీద, నకులుడి పేరు మీద గుర్రాల శాస్త్రాలున్నాయి. తెలుగులో మనుమంచి భట్టు ఇదే విషయం మీద పద్యకావ్యమే రాశాడు. ఈ శాస్త్రాల్లో గుర్రం రోగాలు, మేత, నడకల గురించి పనికొచ్చే పరిశీలనలున్నాయి. వాటి పక్కనే ఫలానా చోట సుడి ఉంటే యజమానికి ఫలానా కీడు అన్న లెక్కలూ ఉన్నాయి. రెండూ ఒకే గొంతుతో చెప్తారు, అదీ చిక్కు.

సుడి అంటే తల్లి కడుపులో ఉండగానే ఏర్పడే వెంట్రుకల వరస. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 1995లో అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ బృందం పశువుల మీద చేసిన అధ్యయనంలో, నుదుటి సుడి కళ్ళకు పైన ఉన్న పశువులు పట్టుకున్నప్పుడు ఎక్కువ గింజుకున్నాయని తేలింది. గుర్రాల మీద కూడా ఇలాంటి పరిశోధనలు జరిగాయి. చర్మం, మెదడు పిండంలో ఒకే పొరనుంచి వస్తాయి కాబట్టి ఏదో కొంత సంబంధం ఉండొచ్చు. అంటే "ఇది బెదురుగొడ్డు" అన్నవాడు పూర్తిగా తప్పు కాకపోవచ్చు. "కొన్నవాడి పెళ్ళాం పోతుంది" అన్నవాడి మాట వేరు. నా భార్య ఇప్పుడు పక్కగదిలో సీరియల్ చూస్తోంది.

గుర్రానికి చార్వాక అని పేరు పెట్టాను. ఊరివాళ్ళకు నోరు తిరగలేదు, సరవయ్య అన్నారు. అదేదో దేవుడి పేరులా ఉందని సంతోషించారు కూడా.

మొదటి మూడు నెలలు సరవయ్య నాకు చాలా నేర్పాడు. నేను వాడికి నేర్పుతున్నాననుకునేవాణ్ణి. చేత్తో బెల్లం ముక్క పెట్టేవాణ్ణి, దాంతో చెయ్యి కనపడితే కొరకొచ్చని తెలుసుకున్నాడు. చెవులు వెనక్కి వాల్చి మొహం ఇటు తిప్పితే నేను ఒకడుగు వెనక్కి వేసేవాణ్ణి. అలా ఒక వారం గడిచేసరికి, చెవులు వాలిస్తే మాస్టారు తప్పుకుంటాడని వాడికి పాఠం పూర్తయింది. కట్టుకొయ్యకు కడితే వెనక్కి గుంజేవాడు. ఒకసారి తాడు తెగింది. ఆ తర్వాత ప్రతిసారీ గుంజాడు, ఎందుకంటే ఒకసారి ఫలితం వచ్చింది కదా! ఇంత నికార్సైన ప్రయోగవాది నా క్లాసులో ఎవరూ లేరు.

అందరూ చెప్పిన సలహా ఒకటే. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుందని సామెత. కొట్టండి మాస్టారూ, అన్నారు. అలా అననివాడు ఒక్కడే. పై ఊళ్ళో బరువుల గుర్రాలు నాలుగు మేపే కోదుల పెద్దాయన. బడికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆయన నా చేతిలోంచి తాడు తీసుకుని కొంచెం బిగించి అలాగే పట్టుకున్నాడు. లాగలేదు. సరవయ్య కాసేపు తల ఎగరేసి, పక్కకు జరిగి, చివరికి ఒక అరడుగు ముందుకు వేశాడు. వేసిన క్షణమే తాడు వదులైపోయింది. మళ్ళీ బిగింపు, మళ్ళీ అరడుగు, మళ్ళీ వదులు. పావుగంటలో గుర్రం వదులు తాడుతో ఆయన వెంట నడుస్తోంది. "లాగితే ఏటి నేర్సుకుంటాది మాస్టారూ? ఒదిలినప్పుడు నేర్సుకుంటాది" అన్నాడు.

ఇది మనస్తత్వశాస్త్రం పుస్తకాల్లో ఉన్న విషయమే. ఇబ్బంది ఏ పని చేస్తే తొలగిపోతుందో ఆ పనిని జంతువు మళ్ళీ చేస్తుంది. పాఠమంతా వదలడంలో, అదీ సరైన క్షణంలో వదలడంలో ఉంది. రెండు క్షణాలు ఆలస్యమైతే ఆ రెండు క్షణాల్లో అది చేసిన వేరే పనికి బహుమతి ఇచ్చినట్టు అవుతుంది. బీఎడ్‌లో ఇదంతా చదివి పరీక్ష రాశాను. పెద్దాయన చేతుల్లో చూశాకే అర్థమైంది.

ఆయన చెప్పినట్టు చేస్తే నాలుగు నెలల్లో వాడు గోనెసంచి మడత, తర్వాత జీను, తర్వాత నన్ను మోశాడు. ఇక్కడితో కథ అయిపోతే ఇది రాయాల్సిన పనే లేదు.

దారి మధ్యలో ఒక వాగు. దాని ఒడ్డున పెద్ద జువ్విచెట్టు. ఎండలోంచి వచ్చి ఒక్కసారి చీకటి నీడలోకి దిగాలి. గుర్రం కళ్ళు వెలుతురులోంచి నీడకు అలవాటు పడడానికి మనకంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. పైగా తలకు పక్కల కళ్ళుండటం వల్ల అది చుట్టూ దాదాపు అంతా చూడగలదు గానీ నుదుటికి సూటిగా ఎదురుగా, తోక వెనక కొద్దిమేర కనపడదు. ఒకరోజు ఆ నీడలోకి దిగుతుంటే ఎవరో పారేసిన ఎరువుల సంచి గాలికి పైకి లేచింది. వాడు అదిరి పక్కకు దూకాడు. నేను పడలేదు గానీ గుండె నోట్లోకి వచ్చింది.

సాయంత్రం ఊళ్ళో చెబితే ఎవరూ నవ్వలేదు. నేను రావడానికి ముందు ఏడాది, వానల్లో, నొప్పులు పడుతున్న ఒకమ్మాయిని డోలీలో రోడ్డుకు మోసుకెళ్తుంటే సరిగ్గా ఆ చెట్టు కిందే ప్రాణం పోయిందట. అక్కడే ఉందని, గుర్రాలకి కనబడుతుందని అన్నారు. ఆమె చావుకు కారణం రోడ్డు లేకపోవడం. ఆ సంగతి మాత్రం ఎవరికీ కనబడకుండా ఉండిపోయింది.

మర్నాడు వాగు దగ్గర సరవయ్య ఆగిపోయాడు. సంచి లేదు, నేనే ముందురోజు తీసి పాతేశాను. అయినా ఆగాడు. ముందుకాళ్ళు పాతుకున్నాడు, చెవులు చెట్టువైపు నిక్కాయి, ముక్కుపుటాలు అదిరాయి. నిజం చెప్పాలంటే ఆ భంగిమలో గుర్రాన్ని చూస్తే అక్కడ ఏమీ లేదని అనిపించదు. దిగి, లాగి, ఎలాగో దాటించాను. ఆ తర్వాతి రోజు ఇంకా ముందే ఆగాడు. వారం తిరిగేసరికి వాగు వందగజాల దూరం ఉండగానే ఆగడం.

బళ్ళో దయ్యాల మీద ప్రత్యేక పాఠం చెప్పాను. అబ్రహం కోవూర్ గురించి, ఆయన 1963లో లక్ష రూపాయల పందెం కాస్తే అతీంద్రియ శక్తి రుజువు చేసి ఎవరూ గెలుచుకోలేకపోవడం గురించి చెప్పాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు. చివర్లో ఒకడు లేచి, "మరి సరవయ్య ఎందుకు ఆగుతున్నాడు మాస్టారూ?" అన్నాడు. వాగుకు అవతల ఉన్న చిన్నగూడెం నుంచి ఆరుగురు పిల్లలు అదే దారిలో బడికి వచ్చేవాళ్ళు. ఆ వారంలోనే ఇద్దరు మానేశారు. నెల తిరిగేసరికి ఆరుగురూ మానేశారు. మాస్టారి గుర్రానికే కనబడుతుంటే మా పిల్లల్ని ఎలా పంపుతాం అన్నారు తల్లులు. ఆ మాటలో తర్కానికి లోటు ఏముంది?

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికే ఇన్నాళ్ళూ వెనకాడాను. కొట్టాను. ఒకరోజు కాదు, మూడు రోజులు, అదే చెట్టు దగ్గర, వెదురుకర్రతో. కోపం గుర్రం మీద కాదు, అది నా పరువు తీస్తోందని. మూడోరోజు సరవయ్య వెనక్కి తిరిగి ఒక్క విదిలింపు విదిలిస్తే రాళ్ళ మీద పడ్డాను. పాడేరు వెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే మెడ పక్క ఎముక విరిగిందన్నారు. చెయ్యి మెడకు కట్టుకుని తిరిగొచ్చేసరికి దయ్యం ఖ్యాతి మండలం అంతా పాకింది. మాస్టార్ని తోసేసిందట!

ఊళ్ళో దిసారి కబురు పెట్టాడు. ఆయన ముహూర్తాలు పెడతాడు, పూజలు చేస్తాడు, మంచి మనిషి. ఒక కోడి, కొంచెం బియ్యం, పసుపు. ఖర్చు ఊరిదే, మీరు అడ్డు చెప్పకండి చాలు అన్నారు. అడ్డు చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. దూరంగా రాతి మీద కూర్చుని చూశాను. పూజ అయ్యాక దిసారి సరవయ్య తాడు పట్టుకుని, వెనక్కి కూడా చూడకుండా, ఎవరితోనో మాట్లాడుతూ నడిచాడు. గుర్రం ఆయన వెనకే వాగు దాటింది. ఒక్కక్షణం కూడా ఆగలేదు.

మర్నాడు ఆరుగురు పిల్లలూ బడికి వచ్చారు. నేను హాజరు వేసుకున్నాను. సంతోషించాలో ఏడవాలో తెలీలేదు.

ఎముక అతుక్కున్నాక నేను మళ్ళీ ఎక్కాను. జువ్విచెట్టు దగ్గర సరవయ్య మళ్ళీ ఆగాడు. "మీరు నమ్మరు కదా మాస్టారూ, అందుకే మీకు పని చెయ్యదు" అన్నారు ఊళ్ళోవాళ్ళు, ఎగతాళిగా కాదు, జాలిగా.

ఈ వాక్యం మనకు తెలుసు. బాబాలు, జ్యోతిష్కులు, స్పూన్లు వంచేవాళ్ళు అందరూ పరీక్ష తప్పాక చెప్పే వాక్యం ఇదే. నమ్మనివాడు ఎదురుగా ఉంటే శక్తి పనిచేయదు! నేనూ ఎన్నో సభల్లో దీన్ని చెప్పి నవ్వించాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే అక్కడ జరిగింది అక్షరాలా అదే. దిసారి పట్టుకుంటే వెళ్ళింది, నేను పట్టుకుంటే ఆగింది. దయ్యాన్ని పక్కన పెడితే, మిగిలిన తేడా తాడు పట్టుకున్న మనిషే.

అప్పుడు గుర్తొచ్చాడు క్లెవర్ హాన్స్. బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారి గుర్రం. (అవును, లెక్కల మాస్టారే.) కూడికలు, భిన్నాలు అడిగితే డెక్కతో నేలమీద తట్టి జవాబు చెప్పేది. 1904లో ఒక కమిటీ పరీక్షించి మోసమేమీ లేదని తేల్చింది. నిజంగానే మోసం లేదు. తర్వాత ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే ఆయన రెండు చిన్న మార్పులు చేశాడు. అడిగేవాడికి జవాబు తెలియకుండా చూశాడు, అడిగేవాడు గుర్రానికి కనబడకుండా చూశాడు. రెండు సందర్భాల్లోనూ హాన్స్ తప్పాడు. సరైన సంఖ్య వచ్చేసరికి అడిగేవాడి తల వెంట్రుకవాసి కదిలేది, గుర్రం అది చూసి ఆపేది. 1907లో ఫుంగ్స్ట్ దీన్ని పుస్తకంగా వేశాడు. నన్ను ఆ రాత్రి లేపి కూర్చోబెట్టింది మాత్రం ఆ పుస్తకంలోని ఇంకో విషయం. రహస్యం తెలిశాక కూడా ఫుంగ్స్ట్ తన తల కదలకుండా ఆపుకోలేకపోయాడు.

నేను దయ్యాన్ని నమ్మను. సరే. కానీ ఆ చెట్టు దగ్గరకు వస్తుంటే నా చేతులు పగ్గాలను ఎలా పట్టుకుంటున్నాయి?

పరీక్ష పెట్టాను. గుర్రాల పెద్దాయన మేనల్లుడు పెళ్ళికి వచ్చాడు, చాలా దూరపు ఊరు, వాగు కథ తెలీదు. ఎవరూ చెప్పకుండా కట్టుదిట్టం చేసి, సరవయ్యను కింది ఊరికి తోలుకెళ్ళి రమ్మన్నాను. రెండుసార్లు వెళ్ళి వచ్చాడు. ఎక్కడైనా ఆగిందా అంటే "ఎందుకాగుతాది?" అన్నాడు. కథ తెలిసిన మా ఊరి కుర్రాళ్ళు ఇద్దరికి ఇస్తే ఒకడి చేతిలో ఆగింది, ఇంకొకడి చేతిలో నెమ్మదించి వెళ్ళింది. నేను ఇరవై అడుగుల వెనక నడుస్తూ పెద్దాయన చేత నడిపిస్తే ఆగలేదు. అంటే చోటు ఒక్కటే కారణం కాదు, నేను దగ్గర్లో ఉండటం ఒక్కటే కారణం కాదు. నేనూ ఆ చోటూ కలిస్తేనే.

ఇక్కడ సంఘం మిత్రులు చెయ్యెత్తుతారని తెలుసు. నువ్వక్కడ మూడురోజులు కొట్టావు కదా, అది నీ కర్రకు భయపడిందేమో, నీ బిగుసుకుపోవడానికి కాదేమో? నిజమే. నేనూ వాగూ కలిస్తే కర్ర అని వాడు సమీకరణం నేర్చుకుని ఉండొచ్చు. నిజానికి సగం అదే అనుకుంటాను. అయితే వాడు ఆగడం మొదలైంది నేను కర్ర పట్టకముందే.

అందుకని ఇంకొకటి చేశాను. బళ్ళో నాతో పనిచేసే విద్యావాలంటీరు కుర్రాడికి, వాగు కాదు, పైన ఏ పేరూ లేని ఒక మలుపు గురించి ఒక కథ కల్పించి చెప్పాను. అక్కడా ఒకడు పోయాడని, గుర్రాలు అక్కడ ఎగురుతాయని. అతను వద్దంటూనే సరవయ్య మీద వెళ్ళాడు. నేను గట్టు మీద నుంచి చూశాను. వందసార్లు మామూలుగా నడిచిన ఆ మలుపులో సరవయ్య తల పైకెత్తాడు, అడుగు తగ్గించాడు, చెవులు ముందుకూ వెనక్కూ ఆడించాడు. కుర్రాడి మోచేతులు పక్కటెముకలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఒక్క ప్రయోగంతో ఏదీ రుజువు కాదు. పైగా అబద్ధం చెప్పి అతన్ని భయపెట్టడం తప్పని తర్వాత క్షమాపణ అడిగాను. అతను రెండురోజులు మాట్లాడలేదు.

నాకు అప్పటికి తెలియదు గానీ, 2009లో స్వీడన్ పరిశోధకులు ఇదే పనిని పద్ధతిగా చేశారు. మనుషుల చేత ఒకే దారిలో గుర్రాలను నాలుగుసార్లు నడిపించారు, స్వారీ చేయించారు. నాలుగోసారికి ముందు, ఈసారి మీరు వెళ్తుంటే పక్కన ఒక గొడుగు ఠక్కున తెరుస్తాం అని మనిషికి మాత్రం చెప్పారు. గొడుగు తెరవలేదు. అయినా ఆ నాలుగోసారి మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రం గుండె వేగమూ పెరిగింది. స్వారీ చేసేవాళ్ళు పగ్గాలు పొట్టిగా పట్టుకున్నారు. తెరవని గొడుగుకు గుర్రం భయపడింది. ఒంటిమీద ఈగ వాలితే ఆ మేర చర్మాన్నే వణికించగల జంతువుకు, వీపు మీద కూర్చున్నవాడి తొడలు బిగిస్తే తెలీదా?

దిసారి చేసిన పని ఇప్పుడు అర్థమైంది. కోడి కోశాక దయ్యం వెళ్ళిపోయిందని ఆయనకు ఏ అనుమానమూ లేదు. ఆయన చేతిలో తాడు వదులుగా ఉంది. నాకు దయ్యం లేదని తెలుసు, కానీ గుర్రం ఆగుతుందని భయం, ఊరు నవ్వుతుందని భయం, మళ్ళీ ఎముక విరుగుతుందని భయం. పూజ దయ్యాన్ని ఏమీ చెయ్యలేదు, దిసారి భుజాలను సడలించింది.

నా భుజాలకు కోడి పనిచేయదు. వేరే దారి వెతుక్కోవాలి. వాగు దగ్గరే ఉలవలు పెట్టడం మొదలుపెట్టాను. ఎక్కకుండా, ఊరికే పక్కన కూర్చుని. మొదట చెట్టుకు వందగజాల ఇవతల, రోజుకు కొంచెం దగ్గరగా. వాడు ముందుకు ఒక అడుగు వేస్తే తాడు వదులు, అంతే. ఇరవై రోజులు పట్టింది. ఎక్కడం మొదలెట్టాక అసలు సమస్య వచ్చింది. చేతులు బిగించకు అనుకుంటే ఇంకా బిగుసుకుంటున్నాయి. ఊపిరి ఆగిపోతోంది. చివరికి అలవాటైన పని చేశాను. పైకి ఎక్కాలు చదవడం. పదమూడో ఎక్కం సరిపోలేదు, మరీ సులువు. పదిహేడో ఎక్కం సరిగ్గా సరిపోయింది. నోరు ఆడుతుంటే ఊపిరి ఆడుతుంది, బుర్ర లెక్కలో ఉంటే చేతులు తమ పని తాము చూసుకుంటాయి. పదిహేడు ఎనిముదులు నూటముప్పైఆరు దగ్గర నీడలోకి దిగాం, నూటయాభైమూడు దగ్గర నీళ్ళలో ఉన్నాం. సరవయ్య చెవులు ఒకసారి చెట్టువైపు తిరిగి, ఒకసారి నావైపు తిరిగి, మామూలుగా పడిపోయాయి.

రెండు వారాల తర్వాత చిన్నగూడెం పిల్లలు వాగు దగ్గరకు రాగానే చేతులు కట్టుకుని పదిహేడో ఎక్కం చదవడం చూశాను. తప్పులతోనే, కానీ భక్తిగా. మాస్టారి మంత్రం అట!

నవ్వకండి. ఆ రోజు తలపట్టుకున్నాను. బడికి రావడానికి పనికొస్తోంది కదా, ఎక్కమూ వస్తోంది కదా, ఊరుకుందామా అని ఒకరోజంతా ఆలోచించాను. ఊరుకోలేకపోయాను. మర్నాడు సరవయ్యను బడి ముందుకు తెచ్చి పిల్లలందరికీ తాడు ఇచ్చాను, ఒక్కొక్కరికీ. గట్టిగా పట్టుకుంటే వాడేం చేస్తాడో, వదులుగా పట్టుకుంటే ఏం చేస్తాడో చూడమన్నాను. సంచి సంగతి, కర్ర సంగతి, మలుపు దగ్గర నేను చెప్పిన అబద్ధం సంగతి, అన్నీ చెప్పాను. నాలుగో తరగతి పిల్ల ఒకతి తాడు నా చేతికి తిరిగి ఇస్తూ, "అయితే మాస్టారూ, వాగుకాడ భయపడింది మీరా?" అంది.

అవునమ్మా, అన్నాను.

"మరి లేదన్నారు కదా?"

దయ్యం లేదన్నాను, భయం లేదనలేదు అని అప్పటికి తప్పించుకున్నాను. ఆ పిల్ల ఒప్పుకున్నట్టు కనబడలేదు. దిసారికి కూడా ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అదే కదా బాబూ నేనూ చేసింది" అన్నాడు.

2016లో నాకు మైదానానికి బదిలీ అయింది. సరవయ్యను పెద్దాయనకు ఇచ్చేశాను. అప్పటికి ఆయన నాలుగు గుర్రాలు మూడయ్యాయి, వాడితో మళ్ళీ నాలుగు. సుడుల సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

మొన్న ఇదంతా పక్కింటాయనకు చెప్పాను. రెండుగంటలు పట్టింది, మధ్యలో కరెంటు పోయి వచ్చింది. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. ఎక్కం దగ్గర పడీ పడీ నవ్వాడు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఆ నాడాను వేలితో ఒకసారి తడిమి అడిగాడు.

"అయితే మాస్టారూ, వైజాగ్‌లో మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే, బాగా అరిగినది ఒకటి తెప్పిస్తారా?"